మండిబజార్ వెనక టెంట్ హౌస్: పదకొండేళ్లుగా సామాన్లు తెచ్చుకుంటున్న ఇంటి నుంచి

వరంగల్‌లో గృహప్రవేశానికో, తొట్టెల ఫంక్షన్‌కో, దినాలకో వంట గంజులు, కుర్చీలు కిరాయికి ఎక్కడ తీసుకోవాలని నెలకు ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతున్నారు. ప్రతిసారీ ఫోన్లో అంతా చెప్పలేక ఇవాళ కూర్చుని మొత్తం రాస్తున్నా. షాపు పేరు మాత్రం రాయను. రాయనా అని అడిగితే షాపు నడిపే చాచా వద్దన్నాడు, "కిరాయి సంగతి రాయి, మిగతాది ఎందుకు బిడ్డా" అన్నాడు. నాకేమో ఆ మిగతాదే రాయాలని ఉంది, అందుకే పేరు వదిలేసి సంగతి రాస్తున్నా. మండిబజార్ మెయిన్ రోడ్డు మీద నుంచి లోపలి గల్లీలోకి తిరిగితే ఉంటుంది, బోర్డు రంగు వెలిసిపోయింది, షట్టర్ ముందు ఎప్పుడూ ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంటుంది.

ముందు లెక్క. మొన్న మే నెలలో మా చిన్నమ్మ కూతురి కొత్త ఇంటి దావత్‌కు మాకు పడింది ఇది: ప్లాస్టిక్ కుర్చీ రోజుకు 8 రూపాయలు, టేబుల్ 60, పది కిలోల బియ్యం ఉడికే రాగి డేగ్ 200, బగోనలు సైజును బట్టి 40 నుంచి 80, షామియానా 900, బకీట్లు, హస్తాలు, జగ్గులు, మూతలు అన్నీ కలిపి 300. ఆటో కిరాయి వేరే. హన్మకొండ వైపు పెద్ద షాపుల్లో కుర్చీలు కొత్తగా ఉంటాయి, వాటికి తెల్ల కవర్లు తొడిగి రిబ్బన్లు కట్టి ఇస్తారు, అలాంటివి కావాలంటే అక్కడికే పోవాలి. ఇక్కడ కుర్చీలు పాతవి, పదింటికి ఒకటి కాలు వంకరగా ఉంటుంది, దింపుకునేటప్పుడే చూసి పక్కన పెట్టుకోవాలి.

ఎంత సామాను కావాలో మనకు తెలియకపోయినా పర్వాలేదు. ఎంతమంది, ఏం వండుతున్నరు, వంటాయన ఎవరు అని ఈ మూడే అడుగుతాడు. 100 మందికి బగారన్నం అంటే 12 నుంచి 15 కిలోల బియ్యం, దానికి రెండు డేగ్‌లు తీస్కో, ఒక్కదాంట్లనే నింపితే కింద మాడుతది పైన పలుకుంటది అంటాడు. అవసరం లేని సామాను అంటగట్టడం ఈ పదకొండేళ్లలో నేను చూడలేదు, ఉల్టా మేం రాసుకెళ్లిన చీటీలోంచే రెండు మూడు కొట్టేస్తాడు.

రాగి డేగ్‌ల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది బయట మెరుపు చూసి తీసుకుంటారు. చూడాల్సింది లోపల. రాగి గిన్నెకు లోపల తగరంతో కళాయి ఉంటేనే చారు, పులుసు, పెరుగు పడే వంట చేయొచ్చు, అది అరిగిపోయి రాగి తేలితే పులుపుకు చిలుము దిగుతుంది, తిన్నవాళ్లకు వాంతులు. ఒకసారి మేం తీసుకున్న డేగ్‌ను చాచా ఆటో ఎక్కించబోయి ఆగాడు. నేల మీద పడుకోబెట్టి, ఫోన్ టార్చ్ వేసి, తల లోపలికి పెట్టి అడుగును బొటనవేలితో రాశాడు. అరచేయంత జాగా ఎర్రగా కనబడింది. "ఇది చారుకు వద్దు. నీళ్లు కాగబెట్టుకో, అంతే" అని పక్కన చాక్‌పీస్‌తో ఇంటూ గుర్తు పెట్టి, దానికి బదులు అల్యూమినియం గంజు ఇచ్చి, ఆ రోజుకు రెండింటికీ కలిపి ఒక్కదాని పైసలే తీసుకున్నాడు. డేగ్‌ను బొగ్గుల మీద కాల్చి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా తిప్పి పూయడం తెలిసినవాళ్లు ఇప్పుడు మన దగ్గర ఎంతమంది మిగిలారు? అయినా ఈయన ఏటా పెళ్లిళ్ల సీజన్‌కు ముందు వేయిస్తాడు.

ఇక గీతల సంగతి. షాపులోకి వెళ్తే గోడకు ఆనించిన గంజుల చెవుల మీద పెయింట్ గీతలు కనబడతాయి. ఆకుపచ్చ గీత ఉన్నవాటిలో కూరగాయల వంట తప్ప ఇంకేదీ వండనివ్వడు, ఎర్ర గీత ఉన్నవి మటన్, చికెన్‌కు. పెద్దకూర (గొడ్డు మాంసం) వండేవి అసలు ఈ షాపులోనే ఉండవు, అవి వాళ్ల తమ్ముడి గోదాంలో వేరే ఉంటాయి, పెద్దకూర తినే హిందువుల ఇండ్లు కూడా మన దగ్గర బోలెడు ఉన్నాయి కదా, వాళ్లూ పోయి అక్కడే తెచ్చుకుంటారు. అయ్యప్ప మాలలు మొదలయ్యే కార్తీకంలో ఆకుపచ్చ గీత గంజుల్లో ఒక పన్నెండు తీసి, చింతపండుతో తోమించి, మెట్ల కింద గదిలో పెట్టి తాళం వేస్తాడు, భిక్ష పెట్టుకునేవాళ్లకు అవే ఇస్తాడు. ఇట్లా చేయమని ఎవరు చెప్పారు చాచా అని అడిగాను. "ఎవరూ చెప్పలే. ఓసారి ఒక స్వామి వచ్చిండు. గంజుల దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, అడగలేక వట్టి చేతుల్తో పోయిండు. ఆ రాత్రే పెయింట్ డబ్బా తెచ్చిన" అన్నాడు.

నాకు ఈ షాపులో అన్నిటికంటే నచ్చింది ఇదే. పక్కింటాయన పట్టింపు మనకు లేకపోవచ్చు, మన లెక్కలో దానికి అర్థమే లేకపోవచ్చు, కానీ ఆయన నోరు తెరిచి అడిగి చిన్నబోయే అవసరం రాకుండా ముందే చూసుకోవడం అందరికీ రాదు. చాలామందికి సాయం చేయడం వచ్చు. తమకు తోచింది తెచ్చి చేతిలో పెట్టి, తీసుకోకపోతే మనసు నొచ్చుకుంటారు.

మా బాపు 2019 డిసెంబర్లో పోయాడు. రాత్రి మూడున్నర అయింది. అన్నయ్య కరీంనగర్ నుంచి రావాలి, ఇంట్లో నేను, అమ్మ, నానమ్మ. ఆ టైముకు ఎవరిని లేపాలో తెలియక, చాచా తెల్లవారి నమాజుకు లేస్తాడు కదా అని అయిదున్నర దాకా ఆగి ఫోన్ చేశాను. ముందు నన్ను కోప్పడ్డాడు, "రెండు గంటలు ఎందుకు కూసున్నవ్ ఒక్కదానివి" అని. ఏడు కాకముందే షామియానా, నలభై కుర్చీలు, ఆడవాళ్లు కూర్చోవడానికి జంపఖానాలు, ఎవరి దగ్గరినుంచో మాట్లాడి తెప్పించిన ఫ్రీజర్ బాక్స్, అన్నీ దిగాయి. వాటితోపాటు నీళ్లు కాగబెట్టడానికి ఒక పెద్ద బగోన, పొయ్యి. పోయినవాళ్లకు స్నానం చేయించడం వాళ్లలోనూ ఉంది, మనలోనూ ఉంది, కాబట్టి అది కావాలని ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని పడలేదు.

మా ఇండ్లల్లో చావు జరిగితే పొయ్యి వెలిగించరు, వాడకట్టు వాళ్లే తెచ్చి పెడతారు. అప్పటికి నానమ్మకు 84 ఏళ్లు, కొడుకు పోయిన ముసలమ్మ, రెండు పూటలు ఏమీ ముట్టలేదు. ఆమెకు ఒక పట్టింపు ఉంది, ముస్లింల ఇంట్లో వండింది తినదు. మాకు అది చెప్పుకోవాలంటే సిగ్గు, చాచీకి మాత్రం అది ఎప్పటినుంచో తెలుసు. ఆమె వండి తేలేదు. అయిదు కిలోల బియ్యం, కందిపప్పు, పాల ప్యాకెట్లు, రెండు ఆకుపచ్చ గీత గంజులు పట్టించుకుని మా ఇంటికి రెండిళ్ల అవతల ఉన్న నేతపనివాళ్ల ఇంటికి పోయి, "మీరు వండి పెట్టుండ్రి, ముసలమ్మ తింటది" అని చెప్పి, తర్వాత వచ్చి నానమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. పిల్లలకు హోటల్ నుంచి చాయ్, బన్నులు తెప్పించింది. నానమ్మ ఆ సాయంత్రం నాలుగు ముద్దలు తిన్నది. చేయి కడిగిస్తుంటే నాతో మెల్లగా, "వండింది ఎవరైతే ఏంది, పంపింది ఎవరో నాకెరుకే" అంది.

పదకొండో రోజు అయ్యాక పైసలు ఇవ్వడానికి పోయాను. దినాల భోజనాలకు తీసుకున్న సామాన్లకు మొత్తం కిరాయి తీసుకున్నాడు, పోయిన రెండు గంటెలకు కూడా పట్టుకున్నాడు, వాటి దగ్గర ఎవరికీ మాఫీ ఉండదు. మొదటి మూడు రోజులకు మాత్రం రూపాయి ముట్టలేదు. చావు జరిగిన ఇంటికి కిరాయి రాయడంట. ఖాతా పుస్తకం తిప్పి చూపించాడు, వెనక పేజీల్లో తారీఖు, వాడ పేరు, సామాన్లు వరసగా రాసి ఉన్నాయి, రూపాయల గడి మాత్రం పైనుంచి కిందిదాకా ఖాళీ. ఆ వాడల పేర్లలో శివనగర్ ఉంది, కరీమాబాద్ ఉంది, కాశిబుగ్గ ఉంది, ఎవరు హిందువో ఎవరు ముస్లిమో ఆ పేజీ చూస్తే తెలియదు.

ఎందుకిట్లా అని నేనే గట్టిగా అడిగితే రెండు మాటలు చెప్పాడు. తర్వాత నేను తెలుగు అనువాదాల్లో చూసుకున్నాను కూడా. ఒకటి, ఖురాన్ 107వ సూరా (అధ్యాయం), పేరు అల్ మాఊన్, ఏడే ఆయతులు (వాక్యాలు). అనాథను తోసేసేవాణ్ని, పేదవాడికి అన్నం పెట్టమని పక్కవాళ్లకు చెప్పనివాణ్ని, నలుగురూ చూడాలని నమాజు చేసేవాణ్ని అది నిలదీస్తుంది, చివరి ఆయతులో మాఊన్ ఇవ్వనివాళ్లను కూడా వీళ్లతోనే కలుపుతుంది. మాఊన్ అంటే ఏంటి? ప్రవక్త సహచరుల్లో ఒకరైన ఇబ్నె మస్ఊద్ చెప్పినట్టు, ఇరుగుపొరుగుకు వాడుకోవడానికి ఇచ్చే బొక్కెన, వంట గంజు లాంటివి. అది చదివినప్పుడు ఆ షాపు గోడంతా నా కళ్ల ముందు నిలబడింది. రెండోది జాఫర్ కథ. 629లో ముతా యుద్ధంలో ప్రవక్తకు వరసకు తమ్ముడైన జాఫర్ చనిపోయాడని కబురు వచ్చినప్పుడు, ఆ ఇంటివాళ్లు దుఃఖంలో ఉన్నారు, వాళ్ల కోసం వంట చేసి పంపండి అని ప్రవక్త చెప్పాడంట. మూడు రోజులు పొయ్యి వెలిగించని మన ఇండ్లకు ఈ మాట కొత్తగా అనిపించదు.

అవన్నీ వాళ్లలో వాళ్లకే కదా అని మా బంధువు ఒకాయన అన్నాడు. కాదు. అబ్దుల్లా ఇబ్నె అమ్ర్ అనే సహచరుడి ఇంట్లో గొర్రెను కోస్తే, ఆయన ఇంట్లోకి వస్తూనే, మన పక్కింటి యూదుడికి పంపారా, పంపారా అని మళ్లీ మళ్లీ అడిగాడని హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు, చేతలు రాసిపెట్టిన పుస్తకాల్లో, ఉంది. పొరుగువాళ్ల గురించి జిబ్రయీల్ దూత ఎంతగా చెప్పాడంటే వాళ్లకు ఆస్తిలో కూడా వాటా పెడతాడేమో అనిపించిందని ప్రవక్త అన్న మాటను ఆయన అప్పుడే గుర్తు చేశాడు. అంటే ఆ మాట వాడింది వేరే మతం పొరుగింటి కోసమే.

ఇట్లా రాస్తుంటే చాచాకూ మాకూ అన్నిట్లో ఒకే మాట అనుకోకండి. మా బాపుకు అన్నారం షరీఫ్ మీద నమ్మకం, పర్వతగిరి మండలంలో ఉన్న యాకూబ్ షావలి దర్గా, మన దిక్కు హిందువులే ఎక్కువగా పోయి కందూరు (యాటను కోసి, వండి తినే మొక్కు) చేసుకునే చోటు. మేం రెండుసార్లు చేశాం. ఈ షాపు నుంచే ఎర్ర గీత గంజులు ట్రాలీలో వేసుకుని పోయాం, అక్కడ యాటను హలాల్ చేయించి, ఫాతెహా చదివించి, వండుకుని తిన్నాం. పక్కింటి ముస్లింల వంట ముట్టని మా నానమ్మ అన్నారంలో కందూరు కూర రెండుసార్లు వడ్డించుకుని తినేది, ఆమె మనసులో ఆ రెండూ వేరే లెక్కలు. చాచా మాత్రం దర్గాలకు మొక్కడు, మొక్కు అల్లాకే చెల్లాలి అంటాడు, కందూరుకు ఎప్పుడు పిలిచినా రాలేదు. కానీ సామాన్లు ఇచ్చేటప్పుడు మా మొక్కును ఒక్క మాట అనలేదు. మొదటిసారి యాట కూరకు ఏ డేగ్ సరిపోతుందో చెప్పాడు, రెండోసారి అక్కడ నీళ్లకు ఇబ్బంది అవుతుందేమో అని రెండు డ్రమ్ములు అదనంగా ఎక్కించాడు.

మేం కూడా నేర్చుకోవడానికి టైం పట్టింది. సద్దుల బతుకమ్మకు అమ్మ సత్తుపిండి, నువ్వుల సద్ది, మలీద చేస్తుంది, చాలా ఏళ్లు గౌరమ్మకు పెట్టిన తర్వాత అందులోంచే చాచా ఇంటికి పంపేవాళ్లం. వాళ్లు తీసుకునేవాళ్లు, నవ్వుతూ తీసుకునేవాళ్లు. అవి వాళ్లు తినలేరని, దేవుడికి పెట్టిన నైవేద్యం వాళ్లకు పనికిరాదని మాకు తెలిసింది ఎట్లాగంటే, వాళ్ల చిన్న మనవరాలు మా ఇంట్లో ఆడుకుంటూ నోరు జారింది. అమ్మ ఆ రోజు చాలా బాధపడింది, ఇన్నేళ్లు వాళ్లను ఇబ్బంది పెట్టాం కదా అని. ఆ మరుసటి ఏడు నుంచి అమ్మ మలీద ముద్దలు కట్టగానే, ఇంకా ఏదీ బతుకమ్మ దగ్గరికి పోకముందే, స్టీలు డబ్బాలో పది ముద్దలు తీసి మూత పెట్టి ఫ్రిజ్ మీద పెడుతుంది. రొట్టెలు చిదిమి, బెల్లం, నెయ్యి వేసి కట్టే ఆ ముద్దలు పీర్ల పండుగకు కూడా చేస్తారు కదా, పేరు కూడా అదే, మలీద. ఆ డబ్బా ఏ రోజూ ఖాళీగా తిరిగి రాలేదు, ఒక్కోసారి ఖర్జూరాలు, ఒక్కోసారి వాళ్ల పెరట్లో కాసిన నిమ్మకాయలు.

ఇప్పుడు చెప్పబోయేది రాయాలంటే కోపం వస్తుంది. 2022లో మా వాడ గణపతి నవరాత్రులకు అన్నదానం సామాన్లు ఎప్పటిలాగే ఇక్కడినుంచే తేవాల్సింది. కమిటీలో కొత్తగా చేరిన కుర్రాళ్లు వాట్సాప్‌లో ఎక్కడిదో ఒక వీడియో పెట్టి, వాళ్ల గిన్నెల్లో మన అన్నదానం వద్దన్నారు. పెద్దవాళ్లు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, నేను కూడా గ్రూపులో రెండు మెసేజ్‌లు పెట్టి ఊరుకున్నాను, ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడాల్సింది, చేయలేదు. వేరే చోటు నుంచి తెచ్చారు. చాచాకు ఒక్కరూ చెప్పలేదు. అన్నదానం ముందు రోజు నేను పోయేసరికి ఆకుపచ్చ గీత గంజులు తోమి, బోర్లించి, తువ్వాల కప్పి పెట్టి ఉన్నాయి, ఆ తారీఖుకు వచ్చిన వేరే ఫంక్షన్ బేరం కూడా వదులుకున్నాడంట. విషయం చెప్పాను. ఏమీ అనలేదు. షట్టర్ పక్క గోడ మీద బుకింగులన్నీ చాక్‌పీస్‌తో రాసుకునే అలవాటు ఆయనకు, అక్కడ "గణపతి అన్నదానం, డేగ్ 9" అని ఉన్నదాన్ని తడిగుడ్డతో తుడిచాడు. ఒక్కసారికి పోలేదు, మళ్లీ తుడిచాడు. తర్వాత నాకు చాయ్ చెప్పాడు.

ఆ చాయ్ నాకు దిగలేదు. మన ఇంటి చావుకు ఆయన గంజులు కావాలి, మన పండుగకు మాత్రం వద్దా? మరుసటి ఏడు కమిటీలో ఇద్దరు పెద్దమనుషులు, నేను కలిసి పోయి అడిగాం. అదే పాత రేటు చెప్పాడు. పోయినేటి సంగతి మేమే ఎత్తబోతే, "ఎంతమందికి వండుతున్నరు ఈసారి" అని అడిగాడు.

అదే 2023 జులైలో, 27న, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచేసిన రోజు, ఇక్కడ హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు ఇండ్లలోకి నీళ్లు వచ్చిన రోజు, చాచా గోదాం కూడా మునిగింది. షామియానా బట్టలు సగం పాడైపోయాయి. ఆయన కొడుకు పొయ్యిలు, డేగ్‌లు తీసుకుని, ఇండ్లు మునిగినవాళ్లు తలదాచుకున్న స్కూలుకు పోయి ఉన్నాడు, గోదాం చూసుకోవడానికి మనిషి లేడు. నీళ్లు తగ్గాక మా గల్లీ నుంచి ఓ పదిహేను మందిమి పోయాం, అందులో అప్పుడు వాట్సాప్‌లో వీడియో పెట్టిన కుర్రాడు కూడా ఉన్నాడు, వాణ్ని నేనేమీ అడగలేదు. రెండు రోజులు బురద కడిగాం. గంజుల చెవుల దగ్గర పెయింట్ గీతల్లో ఇరుక్కున్న మట్టిని పాత బ్రష్‌లతో తీశాం, ఏది ఆకుపచ్చ, ఏది ఎర్ర అని తేడా పోకుండా వేర్వేరు కుప్పలు పెట్టాం.

లోపాలు కూడా చెప్పాలి. చాచా ఫోన్ ఎత్తడు, మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతాడు, అర్జెంటు అయితే నేరుగా పోవాల్సిందే. ట్రాలీ ఒక్కటే, ముహూర్తాల రోజుల్లో గంట, గంటన్నర లేటు అవుతుంది, పొద్దున వంట ఉంటే సామాన్లు ముందు రాత్రే దింపించుకోండి. శుక్రవారం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా షట్టర్ సగం దించి ఉంటుంది. రంజాన్‌లో సాయంత్రం ఇఫ్తార్ వేళకు మనుషులను సామాన్ల కోసం పంపకండి, మేం మొదట్లో తెలియక పంపేవాళ్లం, పొద్దంతా ఉపాసం ఉన్న పనోళ్లు ఖర్జూరం చేతిలో పట్టుకుని మా గంటెలు లెక్కపెట్టేవాళ్లు. మందు పార్టీకి అని తెలిస్తే సామాన్లు ఇవ్వడు, ఎంత దగ్గరివాళ్లయినా సరే, మా మరిదికి కూడా ఇవ్వలేదు, ఆయన ఇప్పటికీ అలిగే ఉన్నాడు. నాకైతే అందులో తప్పు కనబడదు. గంజులు కడగకుండా తిరిగి ఇస్తే ఒక్కోదానికి 20 రూపాయలు ఎక్కువ వేస్తాడు, చొట్ట పడితే గొడవ పడతాడు.

ఐదుకు నాలుగున్నర ఇస్తా, ఆ సగం ఫోన్ ఎత్తనందుకు, కుర్చీలకు.

మా అక్క కొడుకు పెళ్లి నవంబర్లో ఉంది, నిన్ననే పోయి చెప్పి వచ్చాం. 400 మంది, ఒక పూట కూరగాయల భోజనం, రాత్రికి మటన్. చాచాకు ఇప్పుడు చేయి వణుకుతోంది, అయినా చాక్‌పీస్ ఆయనే తీసుకున్నాడు. పెళ్లి తారీఖు రాసి, కింద "ఆకు 6, ఎరుపు 5" అని రాసి, ఒక్క క్షణం ఆగి మా అక్క దిక్కు తిరిగి, పిల్ల తరఫువాళ్లలో మాల వేసుకునేవాళ్లు ఎవరన్నా ఉన్నరా, అప్పుడు కార్తీకం కదా అని అడిగాడు. మాకు తెలియదు, కనుక్కుని చెప్తామన్నాం. పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టుకున్నాడు.